తోక ఉన్న సంతకం

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆమె భూతద్దం అక్క. ప్యాకింగ్ హాలు చివర, మెట్ల కింద, చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకోవడానికి కట్టిన గదిలో ఇరవై రెండేళ్ళుగా కొలువు తీరి ఉండేది. ఒక బల్ల, ఒక లైటు, ఒక భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న ఒక స్టీలు స్కేలు. ఆ రాజ్యానికి చతురంగ బలాలు ఇవే. ఫ్యాక్టరీ ప్యాకెట్ల మీద అచ్చు కావలసిన ప్రతి అక్షరమూ ముందు ఆ బల్ల మీదికి వచ్చి, తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుని, ఆమె సంతకం పడ్డాకే ప్రెస్సుకు పోవాలి.

ప్యాకెట్టు అన్నాక అది కొన్ని విషయాలు దాచకూడదు. లోపల ఉన్నదేమిటో చెప్పాలి. అందులో ఏమేం కలిపారో, ఎక్కువ కలిపింది ముందూ తక్కువ కలిపింది వెనకా చెప్పాలి. బరువెంతో, ఏ రోజు చేశారో, ఏ రోజు దాకా తినవచ్చో, చేసినవాడెవడో, వాడుండేది ఎక్కడో చెప్పాలి. కొందరి ఒంటికి పడని పాలూ గోధుమా వేరుశనగా లాంటివి ఉంటే వాటి సంగతి విడిగా, కంటికి కొట్టేలా చెప్పాలి. ఇవన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో చెప్పి చేతులు దులుపుకోకుండా, అక్షరం ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదని కూడా నిబంధన. బిస్కెట్టుకున్న ఈ పాటి నిజాయితీ మనుషులకు పెడితే లోకంలో సగం పెళ్ళిళ్ళు ఆగిపోతాయని అక్క ప్రగాఢ విశ్వాసం.

ఆమె భర్త దర్జీ. ఎవరైనా "మీ ఆవిడ అక్షరాలు కొలుస్తుందటగా" అని నవ్వితే ఆయన నోట్లోని గుండుసూది తీసి మరీ జవాబు చెప్పేవాడు. "నేను మనుషుల్ని కొలుస్తాను, ఆవిడ మాటల్ని కొలుస్తుంది. నా కొలత తప్పితే కుట్లు విప్పుకోవచ్చు. ఆవిడది తప్పితే ఆసుపత్రే."

అక్క సంతకానికి ఒక తోక ఉండేది. చివరి అక్షరం దగ్గర ఆగకుండా కలాన్ని అలాగే లాగి, గీతో మెలికో గీసి, చుక్క పెట్టి, ఇంకో మెలిక తిప్పి వదిలేది. హాల్లో వాళ్ళు దాన్ని తేలు తోక అనేవారు. ఆమెకు కోపం ఎక్కువ కాబట్టి సంతకానికి కూడా కొండి మొలిచిందని వాళ్ళ సిద్ధాంతం. నిజానికి అది తోక కాదు, అంకె. ఆ ప్యాకెట్టు మీది అక్షరం ఎత్తు స్కేలుకు ఎంత వస్తే అంత. 1.6 వస్తే 1.6, 2.1 వస్తే 2.1. పని నేర్పిన ముసలి ప్రెస్సాయన చెప్పిన మాట అది: "కొలవకుండా సంతకం పెట్టకు తల్లీ. కొలిచావనడానికి రుజువు సంతకంలోనే దాచుకో." ఇరవై రెండేళ్ళలో ఆ తోక ఏమిటని అడిగినవాడు లేడు. అడగనివాడికి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

యజమానికి ఒక బామ్మర్ది ఉన్నాడు. అమ్మకాల మేనేజరు. మాట్లాడితే ఈగలు ముసురుతాయేమో అన్నంత తీపి. అందుకని అతన్ని తేనెబాబు అనేవారు, ఎదురుగా కాదు. జీడిపప్పు ధర కొండెక్కి కూర్చున్న ఏడాది అతనికో జ్ఞానోదయమైంది. జీడిపప్పు బిస్కెట్టులో జీడిపప్పు ఉండాలని తినేవాళ్ళు అనుకుంటారు గానీ, ఉందో లేదో ఎవరు చూడొచ్చారు? పప్పు తగ్గించి, వేరుశనగ పలుకుల్ని జీడిపప్పు వాసనలో ముంచి వేస్తే పళ్ళకిందికి తేడా తెలియదు. ప్యాకెట్టు మీద మాత్రం జీడిపప్పు బొమ్మ పెద్దదైంది. బొమ్మకు చోటు కావాలి కాబట్టి వెనక అక్షరాలు చిక్కిపోయాయి.

ఆ ప్యాకెట్టు ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా కాగితం, అక్క బల్ల మీదికి వచ్చింది. ఆమె కొలిచింది. 1.1. ఆ తర్వాత పిండి కలిపేచోటికి వెళ్ళి బస్తాల మీద ఏముందో చదివి వచ్చింది. ప్రూఫు మీద ఎర్ర కలంతో "అక్షరం పొట్టి. వేరుశనగ ఏదీ?" అని రాసి, సంతకం పెట్టకుండా తిప్పి పంపింది. మళ్ళీ ఆ కాగితం రాలేదు. మూడు వారాల తర్వాత బిస్కెట్టు మాత్రం దుకాణాల్లోకి వచ్చేసింది.

వేరుశనగ పడని ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఆ బిస్కెట్టు తిన్నది. పిల్ల తల్లి ఏది కొన్నా ప్యాకెట్టు తిప్పి చూడందే ఇంట్లోకి రానివ్వదు. ఇదీ చూసే కొన్నది. సాయంత్రానికి పిల్ల ముఖం వాచి, గొంతు మూసుకుపోయి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. ఆహార తనిఖీ ఆఫీసువాళ్ళు పిల్ల ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఆ బిస్కెట్టును దుకాణాల నుంచి తీయించేసి, ఫ్యాక్టరీకి నోటీసు పంపారు.

అక్క ఈ వార్త విని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. తాను ఇంత కష్టపడి కొలిచే అక్షరాలను ఎవరైనా చదువుతారా అన్న అనుమానం ఆమెను ఇరవై రెండేళ్ళుగా తొలుస్తూనే ఉంది. చదివే మనిషి ఒకతె ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ ఒక్క మనిషినే వీళ్ళు మోసం చేశారు.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ ముందు ఆవరణలో సభ జరిగింది. ప్యాకింగ్ ఆడవాళ్ళు నలభై మందీ నిలబడ్డారు. యజమాని చేతిలో ఒక ప్రూఫు. వెనకాల తేనెబాబు, చావింటికి వచ్చినవాడిలా తల వంచుకుని.

"ఇదెవరి సంతకం?" అన్నాడు యజమాని.

"నా సంతకంలాగే ఉందండి."

"లాగే ఉండటమేంటమ్మా? నీదా, కాదా?"

అక్క కాగితం అందుకుంది. జీడిపప్పు బిస్కెట్టు ప్రూఫే. అక్షరాలు ఆ పొట్టి అక్షరాలే. వేరుశనగ ఊసు లేదు. కింద మూలన మాత్రం ఆమె సంతకం నీట్‌గా కూర్చుని ఉంది. భూతద్దం అక్కర్లేకుండానే తోక కనబడింది. 1.6. అది పాల బిస్కెట్టు సంతకం. పాత ప్రూఫు మీది సంతకాన్ని కంప్యూటరులో ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించిన మహానుభావుడు, అందం చెడిపోతుందని కాబోలు, తోకతో సహా అతికించాడు.

ఆమె నోరు తెరిచింది. అంతలో యజమాని వెనకే, మూత తీసి పెట్టిన చెత్త డబ్బా కనబడింది. ఇప్పుడు నోరు విప్పితే మధ్యాహ్నానికి ఈ కాగితం అందులో ముక్కలై ఉంటుంది. సాయంత్రానికి ఇంకో కాగితం పుడుతుంది, ఈసారి తోక లేకుండా. ఆమె నోరు మూసుకుంది. కాగితం తిరిగి ఇచ్చేసింది.

"సంతకం నాదేనండి."

అందులో అబద్ధం లేదు. సంతకం ఆమెదే. దాన్ని ఆ కాగితం మీదికి నడిపించుకొచ్చిన కాళ్ళే వేరేవాళ్ళవి.

"విన్నారా! తన నోటితోనే ఒప్పుకుంది!" అని యజమాని నలభై మంది వైపూ తిరిగాడు. బామ్మర్దిని అడగవలసిన ప్రశ్న ఒకటి ఆయన గొంతులోనూ ఉంది. అడిగితే జవాబు వస్తుందేమోనన్న భయం కొద్దీ మింగేశాడు. గంట తిరిగేసరికి గేటు పక్క బోర్డు మీద బొటనవేలంత అక్షరాలతో నోటీసు వెలిసింది: "లేబుల్ చదవడం చేతకాక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చినందుకు ఈ మనిషిని పనిలోంచి తీసేయడమైనది." కింద ఆమె అసలు పేరు. ఇన్నేళ్ళకు ఆ పేరు హాలంతటికీ తెలిసింది.

అక్క ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంది. పాము పగ పన్నెండేళ్ళంటారు. పాముకు కాగితాలతో పని లేదు కాబట్టి దానికి అంత కాలం పడుతుంది. అక్కకు కావలసిందల్లా ఆ ఒక్క కాగితం తనిఖీ ఆఫీసు బల్ల మీదికి చేరడం. యజమాని తన చేత్తో, తన ముద్ర వేసి, ఇదే మా సాక్ష్యమని ఇవ్వాలి. అప్పటిదాకా ఆమె పరువు ఆ బోర్డుకు వేలాడవలసిందే. ఇచ్చేలోగా వాళ్ళలో ఎవడికైనా ఆ తోక మీద కన్ను పడితే జీవితాంతం అక్కడే వేలాడుతుంది.

ఈ సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఆయన నోట్లో గుండుసూదులు నిలుస్తాయి గానీ రహస్యాలు నిలవవు. ఎదురు వీధిలో ఇంకో బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంటే పని అడగడానికి వెళ్ళింది. అక్కడి మేనేజరు కుర్చీ కూడా చూపించకుండా "మీ సంగతి విన్నామండీ" అన్నాడు. ఆడపడుచు పరామర్శకు వచ్చి, కాఫీ తాగి, కప్పు కింద పెడుతూ అసలు విషయానికి వచ్చింది.

"అది కాదు వదినా, మా ఇంట్లో పంచదార డబ్బా మీద కూడా అక్షరాలు కొలిచావే! తీరా అవసరమైన చోట కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

"నెత్తిన పెట్టుకున్నాను. ఇంకో కప్పు తాగుతావా?"

"వద్దులే. మా అన్నయ్య ముఖం చూస్తే జాలేస్తోంది. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాడు."

"మీ అన్నయ్య మిషను కుడతాడు. తలెత్తితే వేలు కుట్టుకుంటాడు."

మాటైతే అన్నది గానీ ఆ సాయంత్రం దుకాణానికి పోతే, ప్రతి వస్తువూ తిప్పి చూసే ఆమెను దుకాణదారు చూసి పక్కవాడికి కన్ను కొట్టాడు. అక్క ఉప్పు ప్యాకెట్టు తిప్పి చూడకుండానే సంచీలో వేసుకుని వచ్చేసింది. పెళ్ళయిన నాటి నుంచీ అలా చేయడం అదే మొదలు.

ముప్ఫయ్యో రోజున తేనెబాబు ఇంటికి వచ్చాడు. కుట్టుమిషను దగ్గరున్న దర్జీకి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, చుట్టూ ఉన్న గుడ్డముక్కల్ని కూడా మెచ్చుకుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"అక్కయ్యా, జరిగిందేదో జరిగిపోయింది. మీ వయసులో ఈ ఆఫీసులూ విచారణలూ ఎందుకు చెప్పండి? పొరపాటు నాదే, క్షమించండని ఇందులో రాసుంది. ఒక్క సంతకం పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను. మంచి సర్టిఫికెట్టు కూడా ఇప్పిస్తాను."

"నా చేత మళ్ళీ కొత్తగా ఎందుకు బాబూ? పాతది మీ దగ్గర ఉండనే ఉందిగా."

"ఉందనుకోండి..."

"అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇది పట్టుకెళ్తే, ఆడమనిషిని బెదిరించి రాయించారంటారు. ఆ ప్రూఫు మీద ఫ్యాక్టరీ ముద్ర కొట్టి ఇచ్చేయండి. నేను కాదననుగా. అందరి ముందూ ఒప్పుకున్నాను కూడా."

తేనెబాబు కళ్ళు చెమర్చాయి. "మీ అంత మంచి మనిషిని చూడలేదు అక్కయ్యా. మా లాయరుకు కూడా తట్టలేదు చూడండి ఈ మాట!"

లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. చెప్పుల్లో కాలు పెట్టి ఆగాడు.

"అవునూ, ఎప్పుడూ అడుగుదామనుకుంటా. మీ సంతకం చివర ఆ వంకరేమిటి అక్కయ్యా?"

ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. అడిగినవాడు వీడు. అక్క చీర కొంగుతో కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టింది.

"అలవాటు బాబూ. పని నేర్పిన పెద్దాయన దగ్గర అబ్బింది."

"బాగుంటుంది. తేలు తోకలాగా."

"అందరూ అదే అంటారు."

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. దర్జీ అప్పటిదాకా తొక్కని మిషను ముందు నుంచి లేచాడు. "వాడు నీ కొంప ముంచడానికి వస్తే, ఎలా ముంచాలో నువ్వే నేర్పిస్తున్నావేమిటే?"

"పాపం, వాడికి చేతకావడం లేదు" అంది అక్క, గ్లాసు మంచినీళ్ళు గటగటా తాగి.

నలభై ఒకటో రోజు విచారణ. తనిఖీ ఆఫీసులో పొడుగాటి బల్ల, దానికి ఒకవైపు యజమాని, లాయరు, తేనెబాబు. ఇంకోవైపు పిల్ల తల్లి. ఆమె అక్కను చూసిన చూపుకు పచ్చిగడ్డి వేసినా భగ్గుమనేదే. మధ్యలో అధికారిణి. చిన్న వయసు, పెద్ద జలుబు. రుమాలు ముక్కు దగ్గర నుంచి దిగడం లేదు.

లాయరు లేచి ప్రూఫు సమర్పించాడు. ఎర్రటి ముద్ర, యజమాని సంతకం, తేదీ, అన్నీ ఉన్నాయి. అధికారిణి దాన్ని ఫైలులో పెట్టి, నంబరు వేసి, అక్క వైపు చూసింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి. కాగితం నాది కాదు."

"అంటే?"

"మేడమ్, మీ దగ్గర స్కేలు ఉందా? నాది తెచ్చాను గానీ, నాదైతే నమ్మరేమో."

అధికారిణి సొరుగులోంచి స్కేలు తీసింది. అక్క చెప్పినట్టే ప్రూఫు మీది అక్షరం ఎత్తు కొలిచింది. ఒకటికి కాస్త పైన వచ్చింది. 1.1.

"ఇప్పుడు సంతకం చివర చూడండి. తోక కాదండీ అది, అంకె. నేను కొలిచిన ఎత్తు."

రుమాలు కిందికి దిగింది. "1.6... ఇది 1.6 లాగా ఉంది."

"అది పాల బిస్కెట్టు అక్షరమండీ. దాని మీది నుంచి దీని మీదికి వచ్చింది."

లాయరు నవ్వాడు. "మేడమ్, సంతకంలో ఏదో వంకరుంటే దానికి ఇప్పుడు భాష్యం చెబుతోంది. రేపు చుక్కను చూపించి చంద్రుడంటుంది."

"పాత ప్రూఫులన్నీ దాచాలని రూలు. ఫ్యాక్టరీ బీరువాలో రెండో అరలో ఉంటాయి, నేనే సర్దాను" అంది అక్క. "ఏవైనా పది తెప్పించండి. ఏ తోక ఏ అక్షరంతో సరిపోకపోయినా, బోర్డు మీద నా గురించి రాసింది నిజమని ఇక్కడే రాసిస్తాను."

తెప్పించారు. అధికారిణి జలుబు మరిచిపోయి మధ్యాహ్నం దాకా కొలిచింది. పది కాదు, ముప్ఫయి. ముప్ఫయికి ముప్ఫయీ సరిపోయాయి. పాల బిస్కెట్టు ప్రూఫు బయటికి తీసి దీని పక్కన పెడితే, రెండు సంతకాలూ కవల పిల్లల్లా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. తేనెబాబు ముఖంలో తీపి పాకం ముదిరి గట్టిపడింది. యజమాని అప్పుడు బామ్మర్ది వైపు తిరిగాడు. నలభై ఒక్క రోజుల క్రితం తిరగవలసిన మెడ అది.

పిల్ల తల్లి అడిగింది. "ఇదంతా ఆ రోజే చెప్పొచ్చుగా? ఇన్నాళ్ళూ మిమ్మల్ని నేను రోజూ తిట్టుకున్నానే!"

"ఆ రోజు చెప్పుంటే ఈ కాగితం ఈ బల్ల దాకా వచ్చేది కాదమ్మా. తిట్లదేముంది, అవి చేరవలసిన వాళ్ళకు ఇప్పుడు చేరుతాయి."

తేనెబాబు మీద దొంగ సంతకం కేసు పెట్టారు. వెనక్కి తెచ్చిన ప్యాకెట్లు మళ్ళీ అమ్ముడుపోకుండా ఒక్కొక్కటీ కత్తిరించి పారేయాలని ఆఫీసు ఆజ్ఞ. యజమాని ఆ పని బామ్మర్దికే అప్పజెప్పాడు. పన్నెండు వేల ప్యాకెట్లు, ఒక కత్తెర. ప్యాకింగ్ ఆడవాళ్ళు భోజనాలకు వెళ్ళేటప్పుడు ఆ గోడౌను మీదుగా చుట్టు తిరిగి మరీ వెళ్ళేవారు. ఒకామె ఆగి, "బాబుగారూ, తేనె రాసుకోండి, వేళ్ళు బొబ్బలెక్కుతాయి" అని కూడా సలహా చెప్పింది.

అక్కకు ఇదంతా పప్పులో ఉప్పు మాత్రమే. ఆమెకు కావలసింది బోర్డు. అవమానం ఎక్కడ రాశారో దిద్దుబాటూ అక్కడే, ఆమె ఒప్పుకున్న మాటల్లోనే రాయాలని అధికారిణి తీర్పులో చేర్చింది. అది జరిగేదాకా జీడిపప్పు బిస్కెట్టు యంత్రం తిరగకూడదు.

మొదటి ముసాయిదా పట్టుకుని యజమానే స్వయంగా దర్జీ ఇంటికి వచ్చాడు. "పెరిగిన ధరలు, పని ఒత్తిడి, కంప్యూటరు లోపం, సిబ్బంది తొందరపాటు, కొంతవరకు యాజమాన్యపు అజాగ్రత్త కారణంగా..." అక్క చదివి తిరిగి ఇచ్చేసింది.

"వరస తప్పండి. ఎక్కువున్నది ముందు రాయాలి, తక్కువున్నది తర్వాత. బిస్కెట్టుకు వర్తించేదే దీనికీ."

"అంటే ఏది ముందు?"

"మీకే తెలుసు. కలిపింది మీరు."

రెండోది మూడు రోజులకు వచ్చింది. "సంతకం తారుమారు కావడం జరిగింది" అని ఉంది అందులో.

"దానంతట అదే జరిగిందా? చేసినవాడి పేరు, చిరునామా?"

"అమ్మా, ఎంతైనా మా ఆవిడ తమ్ముడు. ఇంట్లో నాకు అన్నం పుట్టదు."

"నాకు నలభై ఒక్క రోజులు ఉప్పు ప్యాకెట్టు తిప్పి చూసుకునే యోగం లేకపోయింది. మీరు కొన్నాళ్ళు హోటల్లో తినండి."

మూడోది ఒప్పుకుంది. యజమాని తప్పు మొదట, బామ్మర్ది మోసం తర్వాత, పేర్లతో సహా. ధరలూ కంప్యూటరూ గాలికి కొట్టుకుపోయాయి. అక్షరాల ఎత్తు పాత నోటీసుకు వెంట్రుకవాసి తగ్గకూడదంది. పాతది విచారణ దాకా నలభై ఒక్క రోజులుంది కాబట్టి కొత్తదీ నలభై ఒక్క రోజులుండాలంది. యజమాని తలూపాడు. ఊపి, ఊపిన తలను కాస్త పక్కకు వాల్చి, "రేపటి నుంచి పనిలోకి వచ్చేయమ్మా. మెట్ల కింద కాదు, పైన గది ఇస్తాను" అన్నాడు.

"ఎదురు వీధి ఫ్యాక్టరీవాళ్ళు నిన్ననే పిలిచారండి. ఈసారి కుర్చీ వేశారు."

కొత్త పనికి వెళ్ళే దారిలో రోజూ పొద్దున్నే అక్క పాత గేటు దగ్గర ఆగేది. కళ్ళజోడు సర్దుకుని నోటీసు మొదటి నుంచి చివరి దాకా, ఒక్క అక్షరం వదలకుండా చదివేది. కాపలావాడు కుర్చీ ఇవ్వబోతే వద్దనేది. యజమాని కారు లోపలికి వెళ్ళే వేళ కూడా సరిగ్గా అదే. ఆయన కారు అద్దం ఎత్తేసి అటువైపు తల తిప్పుకుని పోయేవాడు. ఆడపడుచు వచ్చినప్పుడు "ఇంకా చాల్లే వదినా, పాపం" అంది. "పాపం ఎవరిది? పేరు, చిరునామా చెప్పు" అని కప్పు ముందు పెట్టింది అక్క.

పంతొమ్మిదో రోజు వాన కురిసింది. పొద్దున అక్క వెళ్ళేసరికి కాగితం తడిసి, మూడో వరస అలుక్కుపోయి, తేనెబాబు పేరున్న చోట నీలపు మరక మిగిలింది. ఆమె గొడుగు ముడిచి, కారు వచ్చేదాకా గేటు ముందే నిలబడింది. కారు ఆగింది. అద్దం దిగింది.

"చదవడానికి రావడం లేదండి" అంది అక్క.

"రేపే కొత్తది పెట్టిస్తానమ్మా. ఇంకా ఇరవై రెండు రోజులేగా."

"కొత్త కాగితమండి. రేపు ఒకటో రోజు."